ఇంట్లో బోణీ

మా బాపు బోణీ కానిదే తినడు. అది భక్తి కాదు, మొండితనం. నలభై ఏళ్ళు పాతబస్తీలో మ్యాచింగ్ సెంటర్ నడిపిన మనిషి. చీర రంగుకు తగ్గ జాకెట్టు గుడ్డ, లోపల వేసే లైనింగు, సల్వార్ల గుడ్డ, ఇదీ మా సరుకు. పొద్దున్నే షట్టరెత్తి, ఊదుబత్తి వెలిగించి, మొదటి గిరాకీ చేతి డబ్బు కళ్ళకద్దుకున్నాకే టిఫిన్ డబ్బా మూత తీసేవాడు. ఆ మొదటి గిరాకీని ఉత్త చేతులతో పంపకూడదని ఆయన పట్టు. అవసరమైతే నష్టానికి ఇచ్చేవాడు. పక్కన కూర్చుని నేను పళ్ళు నూరేదాన్ని.

నేను ఆయనకు ఒక్కగానొక్క కూతురిని. పదో తరగతి తప్పిన ఏడు నుంచి ఆ దుకాణంలోనే పెరిగాను. నాకు వచ్చిన విద్య ఒక్కటే, బేరం. కొనేది లేకపోయినా ధర అడిగే రకం. పన్ను పీకించుకుంటూ, నోట్లో దూది ఉండగానే, రెండు పళ్ళకు కలిపి ఎంత తీసుకుంటారని డాక్టరును అడిగానని అమ్మ ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంది. అది తిట్టో మెప్పో నాకు తేలలేదు.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం, సర్కారు లాక్‌డౌన్ పెట్టకముందే మా బజారు తనంతట తానే బంద్ పెట్టుకుంది, కూరగాయలు, కిరాణా మాత్రం పొద్దున కొన్ని గంటలు. ఆ తర్వాత మూసిన షట్టర్లు, ఖాళీ గల్లీ, రాత్రి కర్ఫ్యూ, పోలీసు విజిల్. బాపుకు ఎప్పటినుంచో ఉబ్బసం, దానికి తోడు షుగరు. డాక్టరు ఫోన్లో నాతో ఒకటే మాట అన్నాడు: "ఈయనకు వస్తే తట్టుకోలేడమ్మా. గడప దాటనీయకండి." ఆ రోజునుంచి నాకు వేరే పని లేదు. బాపును ఇంట్లో ఉంచాలి, ప్రాణంతో ఉంచాలి.

మొదటి వారం ఆయన సెలవనుకుని తిన్నాడు, కారుతున్న నల్లా బాగుచేశాడు. కారని నల్లా కూడా విప్పాడు, అది కారడం మొదలుపెట్టింది. అమ్మ డబ్బాల్లోని పప్పులన్నీ ఒలకబోసి మళ్ళీ నింపాడు. కందిపప్పు ఎక్కడుందో తెలియక అమ్మ రెండు రోజులు పెసరపప్పే వండింది. ఎనిమిదో రోజు పొద్దున మెట్ల మీద పట్టుబడ్డాడు. చేతిలో తాళంచెవులు.

"ఏడికి బాపూ?"

"సగం షట్టరెత్తి ఊదుబత్తి పెట్టొస్త. గంతే."

"డాక్టరేమన్నడు?"

"ఆయనకేంది, ఆయన దుకాణం తెరిచే ఉన్నది గదా."

లోపలికి తెచ్చి కూర్చోబెట్టాను. అమ్మ ఉప్మా పళ్ళెం ముందు పెట్టింది. ఆయన దాన్ని పక్కకు జరిపాడు. "బోణీ కాలే," అన్నాడు. పన్నెండయినా ముట్టలేదు. షుగరు గోళీ వేసుకుని తినకుండా కూర్చుంటే ఏమవుతుందో మాకు తెలుసు. చేతులు వణకసాగాయి. అమ్మ ఆయన నోట్లో చక్కెర పోసింది, పసిపిల్లవాడికి పోసినట్టు. మర్నాడూ అదే తంతు.

మూడో రోజు నేను దుకాణానికి పోయి తొమ్మిది తాన్లు, మీటరు కడ్డీ, కత్తెర ఆటోలో వేసుకుని వచ్చాను. ముందు గదిలో పరుపు వేసి, తెల్ల దుప్పటి పరిచి, తాన్లు గోడకు పేర్చాను. బాపు చూశాడు. పోయి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆట అని ఆయనకూ తెలుసు. కానీ కూర్చోగానే మీటరు కడ్డీని ఎప్పటిలాగే తొడ కిందికి జరుపుకున్నాడు.

మొదటి గిరాకీ అమ్మ. చీర ఒకటి చేతిలో పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"దీనికి మ్యాచింగ్ ఉన్నదా? ఎట్ల మీటరు?"

"నూట ఇర్వై."

"సరే, ఇయ్యి."

బాపు నెత్తి కొట్టుకున్నాడు. "గిట్లనే కొంటవానే? గిట్ల ఇస్తే నాకేం మజా ఉంటది? బేరం జెయ్యి!"

"చేస్తే తగ్గిస్తవా? పెండ్లయిన కాడికెళ్ళి ఏనాడన్న తగ్గినవా?"

అమ్మతో పని కాదని మర్నాటినుంచి నేను దిగాను. ఒకరోజు సంతోష్‌నగర్ నుంచి వచ్చిన లెక్చరర్ని, ఒకరోజు పెళ్ళికూతురి మేనత్తని. రంగు కలిసిందో లేదో వెలుతురులో చూడాలని గుడ్డ పట్టుకుని కిటికీ దగ్గరికి పోయేదాన్ని. "చూడమ్మా, ఎండల చూడు, ఎవలన్న వద్దన్నరా," అనేవాడు. నేను పెదవి విరిచి మెట్లదాకా పోయేదాన్ని. ఆయన వెనక్కి పిలిచేవాడు. గంటసేపు గొంతులు చించుకున్నాక ఐదు రూపాయల బిళ్ళ ఆయన చేతిలో పడేది. కళ్ళకద్దుకుని, "పెట్టు," అనేవాడు అమ్మతో. తినేవాడు.

అలా పొద్దు గడిచేది. మధ్యాహ్నం తాన్లన్నీ విప్పి మళ్ళీ చుట్టేవాళ్ళం. గల్లీ చివరి మసీదు మైకులో రోజూ పోయినవాళ్ళెవరో ఒకరి పేరు చదివేవారు. మొదట పేరు విని ఎవరని చర్చించుకునేవాళ్ళం. తర్వాత్తర్వాత మైకు గరగరమనగానే బాపు టీవీ గొంతు పెంచేవాడు. శవాల బండి పోతుంటే అమ్మ కిటికీ రెక్క మూసేది. నేను ఇంకో తాను విప్పేదాన్ని.

బయటి పనులు నావే. పావుగంటలో కూరగాయలు కొనుక్కుని రావాల్సిన మనిషిని, ముప్పావుగంట ఉండేదాన్ని. మాస్కు వెనకనుంచి బేరం సాగదు. మాటకు పదును ఉండదు, ఎదుటివాడికి మన పెదవి విరుపు కనిపించదు. అందుకని మాస్కు గడ్డం కిందికి లాగి, గుంపులో నిలబడి, కొత్తిమీర కట్ట కోసం పోట్లాడేదాన్ని. ఇంటికొచ్చి సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని, ఎంత జాగ్రత్తగా ఉన్నానో అనుకునేదాన్ని.

రంజాన్ నెల సగం దాటాక ఒక పొద్దున మెట్ల మీద అలికిడి అయింది. వెనకింటి భాభీ. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆమె భర్త ఆటో నెలరోజులుగా ఇంటిముందే నిలబడి ఉంది. ముఖానికి మాస్కు, చేతిలో గుడ్డముక్క.

"అక్కా, లైనింగ్ గుడ్డ కావాలె. పండుగ బట్టలు ముగ్గురు పిల్లలయి ఒప్పుకున్న. దుకాన్లన్నీ బంద్. రోజూ మీ ఇంట్లకెళ్ళి బేరం ఇనబడ్తది. దుకాన్ ఇంట్ల వెట్టిండ్రనుకున్న."

"అమ్ముత లేం భాభీ. ఊకె బాపుకు పొద్దువోవాలని..."

లోపలినుంచి గొంతు వచ్చింది. "ఎవలమ్మా? గిరాకా?"

అప్పటికి ఆయన తినలేదు. అమ్మ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమెను పంపెయ్యాలి. గడప దగ్గర గుడ్డ చింపి ఇచ్చి, ఆమె ఇచ్చినంత తీసుకుని పంపెయ్యాలి. రెండు నిమిషాల పని. ఇవన్నీ నాకు ఆ క్షణంలోనే తెలుసు. "లోపలికి రా భాభీ," అన్నాను.

ఆమె మీటరుకు నలభై అంది. న్యాయమైన ధర. నేను యాభై అయిదన్నాను.

"రంజాన్ నెలల గిట్లంటరా అక్కా?"

"రంజాన్ నెలల అబద్ధమాడ్తనా భాభీ? నాకే యాభై వడ్డది." నాకు పడింది ముప్పై రెండు.

ఆమె మాస్కు కిందికి లాగింది. నేనూ లాగాను. ఉపవాసంతో ఆమె పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. బాపు పరుపు అంచుదాకా జరిగి, మా ఇద్దరి మధ్యకు వచ్చాడు.

"దాని మాటినకు బేటీ. దుకాణం నాది, రేటు నాది. నువ్వు చెప్పు."

"అబ్బాజాన్, నలభై."

"నలభై రెండు జెయ్యి, నీ దిక్కు గాదు, నా దిక్కు గాదు."

"ముప్పై తొమ్మిది."

"అరే, పైకి రావాలె గానీ కిందికి వోతవేంది!"

అందరం నవ్వాం. బాపు నవ్వి నవ్వి ఆయాసపడ్డాడు. అరగంట పట్టింది. అసలైన గిరాకీ దొరికి ఎన్నాళ్ళయిందో, నాకే వదలబుద్ధి కాలేదు. చివరికి నలభైకే ఇచ్చాం. నోటు కళ్ళకద్దుకుని ఆ రోజు ఆయన నాలుగు ఇడ్లీలు తిన్నాడు.

మూడో రోజు ఆయనకు జ్వరం. ఐదో రోజు, ఆక్సిజన్ చూడటానికి వేలికి పెట్టిన మిషను ఎనభై తొమ్మిది చూపించింది. బ్యాటరీ పోయిందేమోనని నా వేలికి పెట్టుకున్నాను, తొంభై ఏడు. మళ్ళీ ఆయన వేలికి పెట్టాను. ఇలా ఎన్నిసార్లు పెట్టానో. ఏడో రోజు పెద్ద దవాఖానలో మంచం దొరికింది. రెయిలింగు పట్టుకుని మెట్లు తనే దిగాడు, ప్రతి మెట్టు మీదా ఆగి. గేటు దగ్గర నన్ను ఆపేశారు. చక్రాల కుర్చీలో తోసుకుపోతుంటే ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగే ఓపిక లేక కావచ్చు.

ఫోన్లో రోజుకు ఒకసారి మాట్లాడేవాడు. గాలి మిషను చప్పుడులో సగం వినిపించేది కాదు. నాలుగో రోజు, "షట్టర్‌కు నూనె వెయ్యి, వట్కుంటది," అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం అదే నంబరునుంచి ఫోన్ వచ్చింది. గొంతు వేరే ఎవరిదో.

శ్మశానంలో దూరంగా నిలబెట్టారు. జిప్పు వేసిన సంచీ చూశాం, మనిషిని చూడలేదు. బండి అతను డబ్బు అడిగితే నా నోరు దానంతట అదే, "జర చూస్కో అన్నా," అంది. అతను నా ముఖం చూసి సగం చేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మర్నాడు అమ్మకూ నాకూ పరీక్షలో వచ్చింది, పెద్దగా బాధపెట్టలేదు. రెండు వారాలు ఇంట్లోనే. ఆ రెండు వారాలూ నేను ఖాళీగా లేను. మా గడప దాటి లోపలికి వచ్చింది ఒక్క మనిషే. వచ్చింది, మాస్కు తీసింది, అరగంట కూర్చుంది, మూడో రోజు బాపుకు జ్వరం. గిన్నెలు తోముతూ, బట్టలు పిండుతూ భాభీతో అనాల్సిన మాటలు తయారుచేసుకున్నాను. నువ్వు ఇలా అంటే నేను అలా అంటానని, బేరానికి సిద్ధమైనట్టే సిద్ధమయ్యాను. మెత్తగా మొదలుపెట్టి చివర్లో గట్టిగా అడగాలని కూడా అనుకున్నాను.

మొదటిసారి డాబా ఎక్కిన సాయంత్రం ఆమె తన డాబా మీద బట్టలు తీస్తోంది. సగానికి సగం చిక్కిపోయింది. మధ్యన నడుమెత్తు గోడ.

"భాభీ, మీకు గూడ వచ్చిందట. జ్వరం ఎప్పుడు మొదలైంది?"

"మీ బాపును దవాఖానకు తోల్కపోయిండ్రు సూడు, ఆ రోజే అక్కా."

బాపుకు వచ్చిన నాలుగు రోజులకు. నా లెక్క అక్కడ ఆగింది. "గంతకుముందు దగ్గు గిట్ల?"

"ఏం లేకుండె. అప్పటిదాంక రోజా, ఒక్క ఉపాసం గూడ ఇడ్వలే." తీసిన బట్టలు గుండెకు పట్టుకుంది. తర్వాత నా వైపు కాకుండా ఆ బట్టల వైపు చూస్తూ అంది. "ఆ రోజు మీరు దగ్గిండ్రు అక్కా. బేరం చేస్కుంట, మూడు నాలుగు సార్లు. నాకు జ్వరమొచ్చినంక యాదికొచ్చింది."

నేను గోడ మీది సున్నం గోటితో గీకాను.

"మా ఆయనకు గూడ చెప్పలే. ఎవ్వలకు చెప్పలే. మీకు గమ్, అంత పెద్ద దుఃఖమైతే నేనేం చెప్పాలె?"

పండుగ బట్టలు ఏమయ్యాయని అడిగాను. కత్తిరించి అలాగే పడి ఉన్నాయట. కింద ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

భాభీ వచ్చిన ఆ పొద్దున గొంతులో గరగర ఉంది నాకు. అమ్మ మిరపకాయలు వేయిస్తోంది, ఆ ఘాటనుకున్నాను. ముందురోజు కూడా ఉంది. ముందురోజు మిరపకాయలు వేయించలేదు. ఎవరినుంచి ఎవరికి వచ్చిందో పరీక్ష కాగితంలో రాయరు. రాసి ఉంటే దానితోనూ వాదించేదాన్నేమో.

కిందికి దిగాను. అమ్మ ముందు గదిలో తాన్ల మీద పాత చీర కప్పుతోంది.

"అమ్మా, బాపుకు నా నుంచే అంటుకున్నది. భాభీకి గూడ."

అమ్మ తాన్ల మీది చీరను నాలుగు మూలలా సరిచేసింది. సరిచేసి, "ఇప్పుడు నాకెందుకు చెప్తున్నవ్?" అంది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. "నేనేమనాలె? ఏం గాదు బిడ్డా అనాల్నా?"

అవును, అదే అనాలి. అది కావాలనే మెట్లు దిగి వచ్చాను. కానీ ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు.

"అనలేను," అంది అమ్మ. చీర మీది ముడత సవరిస్తూ, "తర్వాతెప్పుడన్న అంటనేమో. ఇప్పుడైతే అనలేను." లేచి వంటింట్లోకి పోయి బియ్యం కడగడం మొదలుపెట్టింది.

నేను మీటరు కడ్డీని ఆ చీర కిందికి తోశాను. తర్వాత ఇద్దరం భోంచేశాం. ఆ మాట ఆమె ఇంకా అనలేదు. నేనూ అడగలేదు.