క్రావడి పోతే కావడి

మా కార్యాలయంలో పీడీఎఫ్‌ను ప్రవేశపెట్టింది ప్రభాకర్ గారని పదవీ విరమణ సభల్లో ఇప్పటికీ చెబుతుంటారు. నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్న రోజున, వేదిక మీద నేను కూర్చుని ఉండగానే చెప్పారు. శాలువా కప్పుతున్న వాళ్లతో వాదన పెట్టుకోవడం బాగుండదని అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

నాంపల్లిలోని మా శాఖ అనువాద విభాగానికి నేను సూపరింటెండెంటుగా బదిలీ అయి వచ్చింది ఒక జూన్ నెలలో. సర్కారు కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు ఇంకా కుదురుకోని రోజులవి. ఆరోగ్య కరపత్రాలను తెలుగు చేసి, వర్డ్ ఫైలుగా జిల్లాలకు మెయిల్ చేయడం మా పని. జిల్లా కార్యాలయం వాటిని అక్కడి ప్రెస్సులో అచ్చు వేయించి పంచుతుంది, రికార్డు కోసం ఒక కాపీ మాకు పంపుతుంది. టైపు చేసేది సరిత. జనగామ వైపు అమ్మాయి, ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటరు. ఏటా కాంట్రాక్టు పొడిగిస్తేనే ఆమెకు ఉద్యోగం. పొడిగింపు మీద సంతకం ఉపసంచాలకులు ప్రభాకర్ గారిది.

ఆ ఏడాది పొడిగింపు ఫైలు ఆయన బల్ల మీద ఉండగానే ఒక జిల్లా నుంచి అచ్చు కాపీ వచ్చింది. గర్భిణులకు ఐరన్ మాత్రల గురించి మేం రాసిన కరపత్రం. అందులో మొదటి వాక్యం ఇలా ఉంది: ‘పతి గర్భిణి రోజూ రాతి భోజనం తర్వాత ఒక ఐరన్ మాత వేసుకోవాలి.’

విభాగమంతా పగలబడి నవ్వింది. ప్రభాకర్ గారు నవ్వలేదు. అజాగ్రత్త కారణంగా ఆపరేటరు కాంట్రాక్టు పొడిగించనక్కరలేదని మెమో డ్రాఫ్టు చేయించారు.

సరిత నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. “నేను గట్ల కొట్టలే మేడం. మీరే ప్రూఫు చూసిన్రు గదా.”

చూశాను. ఆ కాగితాన్ని మళ్లీ చూశాను. పోయింది ఒక్క అక్షరం కాదు. పేజీ మొత్తంలో క్రావడి, అంటే ర ఒత్తు, ఒక్కటి కూడా మిగల్లేదు. మిగతా ఒత్తులన్నీ భద్రంగా ఉన్నాయి. ఏకాగ్రత లేని మనిషి ఒకచోట మరిచిపోతుంది, ఇంకోచోట కొడుతుంది. ఇంత క్రమశిక్షణతో తప్పు చేయడం యంత్రానికే సాధ్యం. ఈ మాటే ప్రభాకర్ గారితో అన్నాను. మా దగ్గరున్న ఫైలు సరిగ్గానే ఉందనీ చెప్పాను. తర్వాత దిద్దుకుని ఉంటారన్నారాయన.

కారణం నాకు తెలుసు. అప్పటి తెలుగు ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను కిరాయికి పెట్టినట్టు ఉండేవి. ఫైలులో ఉండేది గది నంబరు మాత్రమే. అవతలి కంప్యూటర్లో అదే ఫాంటు పాత రకం ఉండి, ఆ గది ఖాళీగా ఉంటే అక్కడ ఏమీ కనిపించదు. పీడీఎఫ్‌లోనైతే ఫాంటును కూడా ఫైలులోనే పొదగవచ్చు. మా కంప్యూటర్లలో పీడీఎఫ్ చేసే సౌకర్యం లేదు. అందుకని సరితను వెంటబెట్టుకుని అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక సందులో, మా ఫాంటే వాడే డీటీపీ దుకాణానికి నడిచాను.

దారిలో ఆమె ఒక్కటే మాట అంది. “క్రావడిల క్రావడి పోతే కావడి మిగుల్తది మేడం. మోశేది నేనే.”

దుకాణం సేటు మమ్మల్ని చూసి, “సర్కారు దగ్గర లేని కంప్యూటర్ నా దగ్గర ఉన్నదా?” అని ఎకసెక్కం ఆడుతూనే కుర్చీ జరిపాడు. పంపిన మెయిళ్లలోంచే ఆ ఫైలును దించాను. అక్కడున్నదాన్ని ఎవరూ దిద్దలేరు. ప్రింటరు ఎంపికలో పీడీఎఫ్‌ను ఎంచుకుని, ఫాంట్లు పొదగమనే గడిలో టిక్కు పెట్టి, తయారైన ఫైలు ప్రాపర్టీస్‌లో ఫాంటు పేరు పక్కన పొదిగినట్టు ఉందో లేదో చూసుకున్నాను. ఈ టిక్కు మరిచిపోతే పీడీఎఫ్ కూడా మోసం చేస్తుంది.

ప్రభాకర్ గారి గదిలో కంప్యూటరు పాతది, అందులోని ఫాంటూ పాత రకమే. దాని మీదే చూద్దామన్నాను. అదే మెయిల్ తెరిచి వర్డ్ ఫైలు నొక్కాను. పతి, రాతి, మాత అన్నీ వరసగా వచ్చాయి. కింద సంతకం చోట ‘ఉపసంచాలకులు, పభాకర్’ అని ఉంది. ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు. తర్వాత పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పీడీఎఫ్ తెరిచాను. క్రావడులన్నీ వచ్చేశాయి, ఆయనది కూడా.

“మీ పేరు కూడా సరితే తప్పు కొట్టిందా సార్?” అని అడిగాను.

ఆయన మెమోను మడిచి సొరుగులో పెట్టి, పొడిగింపు ఫైలు దగ్గరికి జరుపుకున్నారు. మర్నాడు, ఇకపై అన్నీ పీడీఎఫ్‌లోనే పంపాలని ఆయన సంతకంతో సర్క్యులర్ వచ్చింది. సభల్లో చెప్పే కథ ఆ సర్క్యులర్ నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు ఫోనులో ఒక్క నొక్కుతో పీడీఎఫ్ అవుతుంది. అయినా ఆదివారం పుస్తకాలకని అబిడ్స్ వెళితే ఆ సందు దగ్గర కాళ్లు వాటంతటవే ఆగుతాయి. దుకాణం లేదు, మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. సేటు ఎకసెక్కం, వెచ్చటి కాగితం వాసన, మేం నాంపల్లికి తిరిగి నడుస్తున్నప్పుడు దారంతా సరిత పెన్‌డ్రైవ్‌ను గుప్పిట్లో బిగించుకున్న తీరు గుర్తొస్తాయి.

అవతలి యంత్రంలో ఫైలు ఎలా తెరుచుకుంటుందో చూడకుండా మనిషి మీద తప్పు రాయకూడదని ఆ వ్యవహారం నాకు నేర్పింది. పీడీఎఫ్ పేజీని కదలకుండా పట్టుకుంటుంది, అంతవరకే దాని పని. ఆ కరపత్రాన్ని ప్రెస్సువాళ్లు చూశారు, జిల్లా కార్యాలయంలో చూసి బిల్లు పాస్ చేశారు, పంచినవాళ్లు చూశారు. ‘పతి గర్భిణి’ అని చదివి ఒక్కరైనా మాకు ఫోన్ ఎందుకు చేయలేదు?