ఐదూ ఏడూ కొట్టివేసిన పట్టికలు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూలై మొదటి వారంలో, వినుకొండలోని ఒక కళాశాలకు భౌతికశాస్త్ర శాఖాధిపతిగా బదిలీపై వెళ్లాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు నివేదికల మీద ఆఖరి సంతకం శాఖాధిపతిది. అది లేనిదే నివేదిక విశ్వవిద్యాలయానికి చేరదు.

ఆ ఏడాది సువార్త అనే విద్యార్థిని, ఒకే పొరగా ఉన్న స్ఫటికం ఎలా కరుగుతుందన్న అంశం తీసుకుంది. పరికరం తనే తయారుచేసుకుంది. లౌడ్‌స్పీకరు మీద బిగించిన చదునైన పళ్లెం, అందులో ఒక్క పొరగా పరిచిన సైకిల్ బేరింగు గుండ్లు, పైన సెల్‌ఫోన్ కెమెరా. పళ్లెం మెల్లగా అదిరితే ప్రతి గుండు చుట్టూ ఆరు గుండ్లు చేరి తేనెపట్టు గదుల్లా సర్దుకుంటాయి. అదురు పెంచడం వేడి పెంచడంతో సమానం. ఫొటోలు అచ్చు తీయించి, ఒక్కో గుండుకు ఎన్ని పొరుగులున్నాయో చేత్తో లెక్కించి ఆమె పట్టికలు రాసింది.

ల్యాబులో నాదొక నియమం ఉండేది. మిగతావాటితో పొసగని రీడింగును ఎర్ర గీతతో కొట్టివేయడం. సమర్పణకు మూడు రోజుల ముందు ఆ పట్టికలు దిద్దుతూ, ఐదు, ఏడు అని ఉన్నచోటల్లా లెక్క తప్పిందనుకుని కొట్టేశాను. మళ్లీ లెక్కించుకు రమ్మన్నాను. మూడు రోజుల్లో తెమిలే పని కాదది. తెమలకపోతే ఆమెకు ఏడాది పోతుంది.

"ఏంటి సార్, తాలుకాయలు ఏరేసినట్టు ఏరేశారు? అసలు సరుకంతా అందులోనే ఉందండీ!" అంది సువార్త. తాలుకాయలంటే రంగుపోయిన మిర్చి. వాళ్లమ్మ కోల్డ్ స్టోరేజీలో వాటిని వేరుచేసే పనికి వెళ్లేది.

"అమ్మాయ్, సారుతో కాస్త మెల్లగా మాట్లాడు," అన్నాడు అటెండరు కోటయ్య.

"మెల్లగానే అంటున్నా బాబాయ్," అంటూ ఆమె స్పీకరు పూర్తిగా పెంచింది. గుండ్లు ఎటుపడితే అటు పరుగెత్తాయి.

"ఇది కరిగినట్టా, కరగనట్టా సార్?"

"కరిగింది."

"ఇదే అదురుకు మీరు దిద్దిన పట్టిక చూడండి. మిగిలినవన్నీ ఆరే. మీ లెక్కన ఇది కరగనే లేదండీ."

"దొరికిపోయారు సార్," అన్నాడు కోటయ్య.

ఆమె ఫొటోలను వరసగా పరిచింది. ఐదు పొరుగుల గుండు, ఏడు పొరుగుల గుండు పక్కపక్కన ఉన్నచోట, మిరపతోటలో సాలు మధ్యలో ఆగిపోయినట్టు, ఒక వరస తెగిపోయి ఉంది. అదురు తక్కువగా ఉన్నప్పుడు ఇలా తెగిన చోట్లు జంటలుగా పుట్టి, ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటున్నాయి. అదురు పెరిగితే జంటలు విడిపోయి తిరుగుతున్నాయి. అప్పుడు వరసలు జారతాయి గాని, వాటి దిక్కు ఇంకా నిలుస్తుంది. చివరికి ఐదూ ఏడూ కూడా ఒకదానికొకటి దూరమవుతాయి. దిక్కూ పోయి అంతా ద్రవమవుతుంది. ముప్పై ఏళ్లు స్ఫటికాల పాఠం చెప్పినవాణ్ని, ఒక్క పొరను అంత ఓపికగా ఎన్నడూ చూడలేదు.

తిరిగి రాయించడానికి వ్యవధి లేదు. ప్రతి ఎర్ర గీత పక్కన "మొదటి లెక్కే సరైనది" అని రాసి పొట్టి సంతకం పెట్టాను. సాయంత్రం దాకా పట్టింది. నివేదిక గడువులోపే వెళ్లింది.

మౌఖిక పరీక్షలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, ఇవి కొట్టేసిందెవరని అడిగారు. నేనేనని చెప్పాను. ఆయన ఆ పేజీల మీదే ఎక్కువసేపు ప్రశ్నలడిగి, సువార్తకు మొదటి శ్రేణి ఇచ్చారు.

పొసగని రీడింగు కనబడితే అది ఎక్కడ, దేని పక్కన వచ్చిందో ముందు చూడాలి. మిగతావాటికి భిన్నంగా ఉండటం ఒక్కటే దాన్ని కొట్టివేయడానికి కారణం కాదు.