ఉత్తుత్తి జాతర

కంప్యూటర్‌తో లేని జనాన్ని పుట్టించి వెబ్‌సైటు మీదికి తోలి, అది ఎంత తాకిడిని తట్టుకుంటుందో చూడటాన్ని నాచారంలోని ఆ చిన్న ఆఫీసులో 'ఉత్తుత్తి జాతర' అంటారు. ఆ పేరు పెట్టింది ఉమామహేశ్వరే. ఏళ్లుగా ఆ పనీ అతనిదే.

నిన్నగాక మొన్న బోడుప్పల్ నుంచి వచ్చి చేరిన అమృత తయారుచేసిన టికెట్ల సైటు ఆ పరీక్షకు చెక్కుచెదరలేదు. మేనేజర్ సూర్యకళ ఆమెను ఆకాశానికెత్తేసింది. ఉమామహేశ్వర్‌కు ఒళ్లు మండింది. తన జాతరకు ఈ పిల్ల దేవత అయి కూర్చుంటుందా?

సైటు జనానికి తెరిచిన రోజు, దాన్ని కూల్చేద్దామని ఎవరికీ చెప్పకుండా ఉత్తుత్తి జనాన్ని దాని మీదికి తోలాడు. తెర మీద రద్దీ గీత నిటారుగా లేచింది. సైటు మాత్రం కూలలేదు.

సూర్యకళ పరుగున వచ్చింది. "గింతమంది వచ్చిన్రా! మస్తు జేసినవ్ అమృతా! జర సూడు ఉమన్నా, అసలు జాతరంటే గిట్లుండాలె!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆపితే గీత ఒక్కసారిగా పడిపోయి గుట్టు బయటపడుతుంది. ఉమామహేశ్వర్ పళ్లు నూరుకుంటూ, సాయంత్రం దాకా అమృత జాతరకు జనాన్ని తోలుతూనే ఉన్నాడు.