ఏ లోపల?

రఫూ పిన్నికి కోపం రావడం ఆ వీధిలో ఎవరికీ కొత్త కాదు. మామూలుగా అయితే పాలపొంగులా పైకొచ్చి, ఎవరో ఒకరు నాలుగు నీటిచుక్కలు చల్లగానే దిగిపోయే కోపం. ఆ చలికాలం వచ్చింది మాత్రం అలాంటిది కాదు. సన్నటి సెగ మీద రోజుల తరబడి కుతకుతలాడింది. దానికి కారణం ఒక కిటికీ.

ఆమె పని రఫూ. మోచేతి దగ్గర చిరిగిన కోటు, నిప్పురవ్వ పడి కాలిన ప్యాంటు, పురుగు కొట్టిన శాలువా, ఏది తెచ్చినా అదే బట్ట మడతలోంచి పోగులు లాగి, ఒక్కొక్క పోగూ మళ్లీ అల్లి, చిల్లు ఎక్కడుండేదో సొంతదారుకే తెలియకుండా చేసి ఇస్తుంది. దీపం వెలుతురు అబద్ధాలాడుతుందని, పోగు అసలు రంగు పగటి వెలుతురే చెబుతుందని ఆమె నమ్మకం. అందుకే ముందుగదిలో వీధివైపు కిటికీని ఆనుకుని ఆమె బల్ల ఉంటుంది. ఆ బల్ల మీద ఇంకెవరూ టీ గ్లాసు కూడా పెట్టకూడదు.

ఆ కిటికీ పాతది కాదు. వీధిలో బస్సులు తిరగడం మొదలయ్యాక రొద భరించలేక చెక్క కిటికీ తీయించి, తెల్లటి ప్లాస్టిక్ చట్రంలో ఒకదాని వెనక ఒకటి రెండద్దాలు, వాటి నడుమ వేలెడు సందు ఉండే కొత్తరకం పెట్టించారు. బస్సు చప్పుడు పడని మనిషి బస్సు డ్రైవరునే ఎలా కట్టుకుందో అని, పక్క వాటాలో ఉండే ఆడపడుచు అప్పట్లో కనపడ్డవాళ్లందరికీ చెప్పి నవ్వింది. డ్రైవరుగారు కూడా నవ్వాడు. ఆయన ఇంట్లో హారన్ కొట్టే రకం కాదు.

చలి ముదిరేసరికి అద్దం మసకబారడం మొదలైంది. ముందు ఒక మూల. తర్వాత పాలు కలిపిన నీళ్లు ఎవరో పోసినట్టు మొత్తం. పిన్ని గదివైపు తుడిచింది, పోలేదు. స్టూలు పట్టుకుని వీధిలోకి వెళ్లి బయటినుంచి తుడిచింది, పోలేదు. కళ్లే మసకబారాయేమోనని కళ్లజోడు కూడా తుడిచింది. ఆ వారంలోనే బ్యాండులో బాకా ఊదే ఆయన తన నల్లకోటు వెనక్కి తెచ్చాడు. దీపాల కింద నిలబడితే కాలరు మీద నీలంగీత కనబడుతోందని తోటివాళ్లు అన్నారట. చూస్తే నిజమే. నల్లపోగు అనుకుని ముదురునీలం పోగు అల్లేసింది. ఆయన ఏమీ అనలేదు. అననందుకే ఆమెకు ఇంకా చిన్నతనమైంది. కోటు విప్పి మళ్లీ అల్లింది, కానీ ఆ రోజునుంచి ముదురురంగు బట్టలు తీసుకోవడం మానేసింది. ఆమె దగ్గరికి వచ్చేవాటిలో ముప్పాతిక వంతు ముదురువే. వచ్చినవాళ్లని వచ్చినట్టే పంపేస్తుంటే, ఇక ఈ బల్ల దగ్గర కూర్చునే రోజులు అయిపోయాయా అన్న గుబులు పట్టుకుంది.

కిటికీ పెట్టిన దుకాణానికి ఫోన్ చేసింది. ఎత్తినావిడ గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

"అద్దానికి చెమ్మ పట్టిందండీ. ఏమీ కనపడటం లేదు."

"లోపలా, బయటా అమ్మా?"

"లోపలే."

"లోపలైతే అది మీ ఇంటి తేమ అమ్మా. వంట ఆవిరి, ఆరేసిన బట్టలు, మనుషుల ఊపిరి, అన్నీ వెళ్లి అద్దం మీద కూర్చుంటాయి. రోజూ కాసేపు కిటికీ తీసి పెట్టి, పొడిబట్టతో తుడవండి."

మీ ఇంటి తేమ అన్న మాట ముల్లులా దిగింది. వంట చేసుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, ఊపిరి పీల్చడం కూడా నేరాలేనా? అయినా వెలుతురు కోసం ఆ మాట కూడా పాటించింది. పొద్దున్నే ఎముకలు కొరికే చలిలో కిటికీ బార్లా తీసిపెట్టేది. గిన్నెలన్నిటికీ మూతలు పెట్టించింది. తడిబట్టలు ఆడపడుచు బాల్కనీకి తరలించింది. భర్త వేడినీళ్ల స్నానానికి రేషన్ పెట్టింది. శాలువా కప్పుకుని అన్నం తింటూ ఆయన, పోనీ ఊపిరి కాస్త తక్కువ తీయమంటావా అని అడిగాడు. ఆడపడుచు తడిబట్టలు అందుకుంటూ, కిటికీకి జలుబు చేసినట్టుంది వదినా, కాస్త ఆవిరి పట్టించు అంది. అద్దం మాత్రం ఇంకా తెల్లబడింది.

రెండోసారి ఫోన్ చేసింది. తుడిచానంటే, మరి పోలేదా అంది తేనెగొంతు. లోపలున్నది తుడిస్తే ఎలా పోతుందంది పిన్ని. లోపలిదైతే తుడిస్తే పోవాలే అందావిడ. ఇద్దరూ ఒకే భాషలో, ఒకే మాట పట్టుకుని, తలుపుకి చెరోవైపు నిలబడి తట్టుకున్నట్టు మాట్లాడుకున్నారు.

కోపమొస్తే పిన్ని చేతులు ఊరుకోవు. కిటికీ మీద పడింది. పిడి ఎప్పటినుంచో లొడలొడలాడుతోంది. దాని మీది చిన్న మూత పక్కకి తిప్పితే కింద మరలు కనపడ్డాయి. కుట్టుమిషన్ పెట్టెలోని బుల్లి స్క్రూడ్రైవరుతో బిగించింది. తెరిచినప్పుడల్లా కీచుమనే కీలు తుడిచి మిషన్ నూనె వేసింది. అద్దం చుట్టూ ఉండే నల్లరబ్బరు మూలలో ముడుచుకుపోయి సందు ఇచ్చింది. గోరువెచ్చటి నీళ్ల గుడ్డతో మెత్తబరిచి, మధ్యనుంచి కొద్దికొద్దిగా మూలకి జరుపుకుంటూ, క్రోషా సూది మొద్దుకొసతో గాడిలోకి కూర్చింది. గాలి రావడం ఆగింది. తెరిచి చూసినప్పుడల్లా చట్రం అడుగు గాడిలో మాత్రం నీళ్లు నిలిచి ఉండేవి. గుడ్డతో అద్దేది. వాన పడితే మళ్లీ నిండేది. కిటికీ అన్నాక తడవదా అనుకుని వదిలేసింది.

ఇన్ని బాగుచేసుకున్నా మసక మసకే. మూడోసారి ఫోన్‌లో ఆమె గొంతు పెరిగాక, దుకాణం ఒక మనిషిని పంపింది. నడుముకి టేపు, చెవి మీద పెన్సిలు. వచ్చాడు, గడప దగ్గర నిలబడే చూశాడు, తల ఊపాడు.

"మొత్తం మార్చాలమ్మా."

"మొత్తమంటే?"

"చట్రంతో సహా."

పిన్ని చేతిలోని బట్ట బల్ల మీద పెట్టింది. ఆమె నెమ్మదిగా మాట్లాడుతోందంటే తప్పుకోవాలని వీధిలో అందరికీ తెలుసు. అతనికి తెలియదు.

"పిడి నేను బిగించాను. కీలుకి నూనె నేను వేశాను. రబ్బరు నేను కూర్చాను. చట్రం ఎక్కడ పాడైందో వేలు పెట్టి చూపించు నాయనా, చూద్దాం."

"మా దగ్గర పద్ధతి అదమ్మా."

"మోచేతి దగ్గర చిరిగిందని కోటంతా పారేయమనడం పద్ధతా? అలా అనేవాడు దుకాణం పెట్టుకోవడమెందుకు, చెత్తబండి తోలుకోవచ్చుగా. అద్దం లోపల చెమ్మ చేరిందని మీవాళ్లకి నోరు నొప్పెట్టేలా చెప్పాను. చలిలో కిటికీలు తీయించారు, గిన్నెలకి మూతలు పెట్టించారు. ఇప్పుడొచ్చి మొత్తం పీకేస్తానంటావు."

అతను అద్దం గదివైపు వేలితో గీసి, వేలు ఆమెకు చూపించాడు. పొడిగా ఉంది.

"లోపల చెమ్మ లేదు కదమ్మా."

"లోపలే ఉంది."

"లోపల పొడిగా ఉందమ్మా, చూడండి."

"ఆ లోపల కాదయ్యా, ఈ లోపల," అని ఆమె రెండు అరచేతులూ దగ్గరగా పెట్టి, మధ్యలోకి చూడమన్నట్టు ఎత్తి పట్టుకుంది.

అతను ఆ చేతులకేసి, తర్వాత అద్దానికేసి చూశాడు. "మధ్యలోనా? ముందే మధ్యలో అని ఉంటే మొదటి ఫోనుకే వచ్చేవాణ్ణి కదా. మా లెక్కలో లోపలంటే గదివైపు."

"డబ్బా లోపల ఉందంటే డబ్బా ఇవతల ఉందనా అర్థం? రెండద్దాల మధ్య ఉన్నది లోపల కాకపోతే మరేది లోపల? ఏ లోపల అని ఒక్కసారి అడిగితే మీ సొమ్మేం పోయింది?"

అతను పనిలోకి దిగాడు. కిటికీ రెక్క తెరిచి, ఒంగి, అడుగు గాడిలో గోటితో తడుముతూ పోయాడు. రెండద్దాలనీ చుట్టూ అతికించే బంక ఊడితే తప్ప మధ్యలోకి తేమ చేరదని, ఊడిందంటే ఏదో కారణం ఉంటుందని తనలో తాను చెప్పుకున్నట్టు చెబుతున్నాడు. ఒకచోట గోరు ఆగింది.

"ఇక్కడ చిల్లులుండాలే. గాడిలో చేరిన వాననీళ్లు బయటికి పోయేవి. ఎవరో మూసేశారు. నీళ్లు నిలవుండి అద్దాల అడుగు నానిపోయింది. ఇక బంక ఊడక ఏం చేస్తుంది? మూసింది మీవాళ్లయితే గ్యారంటీ వర్తించదమ్మా."

పిన్ని ఇప్పుడు నిజంగా లేచింది. తన ఇంట్లో అలాంటి పని చేసేవాళ్లు లేరంది. చిల్లుల్లేని చట్రం తెచ్చి తగిలించి నెపం తమ మీదికి తోస్తున్నారంది. కావాలంటే ఎవరి మీదైనా ఒట్టేస్తానంది. తెరిచిన కిటికీలోంచి ఆమె గొంతు వీధి చివరిదాకా వెళ్లింది. ఆడపడుచు తడిచేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

డ్యూటీకి బయల్దేరిన డ్రైవరుగారు కుర్చీలో కూర్చుని బూటు తాడు కడుతున్నాడు. ఎంతసేపటికీ ఆ ముడి పడలేదు.

"నేనే మూశాను," అన్నాడు నేలకేసి చూస్తూ.

పిన్ని ఆయనకేసి చూసింది.

"నిరుడు చలికాలం కాళ్లకి గాలి కొడుతోందన్నావుగా. చెయ్యి పెట్టి చూస్తే ఆ చిల్లుల్లోంచి సన్నగా వస్తోంది. తెల్లబంక పెట్టి, తడివేలితో నున్నగా రుద్దేశాను. ఈ ఇంట్లో చిల్లు కనపడితే మూయడమేగా మనకి తెలిసింది."

పిన్ని ఒంగి చూసింది. ఎంత నున్నగా రుద్దాడంటే, చిల్లు ఎక్కడుండేదో తెలియలేదు. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని ఆమె చేతుల్ని చూసి నేర్చుకున్నాడేమో. రోజూ ముక్కు కిందే ఉన్న ఆ పనితనాన్ని రఫూ చేసే కళ్లే పట్టుకోలేకపోయాయి. ఆడపడుచు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

బయటిమనిషి ముందు ఇంటాయన్ని ఒక్కమాట కూడా అనడం పిన్నికి ఇష్టం లేదు. కిటికీల మనిషివైపే తిరిగింది.

"ఈ చిల్లులు కావాలని పెట్టినవని, మూయకూడదని, బిగించిన రోజు మీలో ఒక్కరైనా చెప్పారా? చిల్లంటే పాడైపోయిందనేగా ఎవరైనా అనుకునేది."

కిటికీల మనిషి పెన్సిలు చెవి మీంచి తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. చెప్పలేదమ్మా అన్నాడు. ఎవరికీ చెప్పే అలవాటు లేదని కూడా ఒప్పుకున్నాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, టేపు తీసి అద్దాన్ని మాత్రమే కొలిచాడు. చట్రం జోలికి వెళ్లలేదు. జంట అద్దం కొత్తది చేయించి తెస్తానని, మొత్తం మార్చాలన్న మాట మరిచిపొమ్మని అన్నాడు. దుకాణంవాళ్లతో తను మాట్లాడుకుంటానన్నాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా పిన్ని ఊరుకుంది. ఆ తర్వాత ఊరుకోలేదు. నా కాళ్లకి చలేస్తే మేజోళ్లు తెచ్చిస్తారు ఎవరైనా, కిటికీ గొంతు నొక్కుతారా అంది. చేసిన పని చెప్పకపోవడం ఒక తప్పు, అంత బాగా చేయడం ఇంకో తప్పు అంది. నేను బట్టలు వెనక్కి పంపేస్తుంటే చూస్తూ కూర్చున్నారంది. అది దీనివల్లేనని నాకేం తెలుసని ఆయన అన్నది కూడా తప్పే అయింది.

అద్దం వచ్చేదాకా ఆమె పగలంతా మెట్ల మీద చాప వేసుకుని, వేళ్లు కొంకర్లు పోతున్నా అక్కడే సూది పట్టింది. ఇంట్లో లోపల అన్న మాట పలకడమే కష్టమైంది. ఉప్పు ఎక్కడుందంటే లోపలుందని ఆడపడుచు అనడం, ఏ లోపల అని పిన్ని నిలదీయడం. డ్రైవరుగారు సెలవురోజున సన్నటి కమ్మీతో చిల్లు చిల్లూ పొడిచి బంకంతా పెళ్లలుగా ఊడదీశాడు. పిన్ని పక్కన నిలబడి, ఇంకా ఉంది, అక్కడ ఇంకా ఉంది అంటూ చూపించింది.

కిటికీల మనిషి అద్దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. చట్రం చుట్టూ అద్దాన్ని పట్టి ఉంచే పట్టీలు ఒక్కొక్కటే ఊడదీసి, పాతది లాగి, కొత్తది నానకుండా అడుగున చిన్న బిళ్లల మీద నిలబెట్టి, పట్టీలు మళ్లీ నొక్కాడు. నొక్కుతూ, ఇది లోపలివైపు పట్టీ అనబోయి, ఆమెకేసి చూసి, గదివైపు పట్టీ అన్నాడు. వెలుతురు బల్ల మీద పరుచుకుంది.

అతను వెళ్లాక, చెంబుతో నీళ్లు తెచ్చి, భర్తని వీధిలోకి వెళ్లి నిలబడమంది. రెక్క తెరిచి గాడిలో నీళ్లు పోసింది.

"వస్తున్నాయా?"

"వస్తున్నాయి."

"అన్నిట్లోంచీనా?"

"అన్నిట్లోంచీ."

కిటికీ మూసింది. అద్దం అవతల ఆయన బట్టతల, గడ్డం మీది తెల్లవెంట్రుకలు, చొక్కా మీద పడ్డ నీటిచుక్కలు అద్దమే లేనట్టు కనపడుతున్నాయి. ఏదో అడుగుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆమె మళ్లీ రెక్క తెరిచింది.

"ఏంటి?"

"కోపం పోయిందా అంటున్నా."

"చిల్లులు తెరిచారుగా. మెల్లగా పోతుంది," అని రెక్క మూసేసింది.