సున్నుండలకు పట్టిన చీమలు

షార్జాలో మా లేబర్ క్యాంపు గదికి చీమలు పట్టినప్పుడు వాటిని వెళ్ళగొట్టే బాధ్యత నేనే మీదేసుకున్నాను. నన్నెవరూ అడగలేదు. ఎనభైల మొదట్లో మాట. గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. ఐదుగురు నిజామాబాద్, కరీంనగర్ వైపువాళ్ళు. గోదావరి జిల్లావాణ్ణి నేనొక్కణ్ణే. పదో తరగతి పాసైనవాణ్ణి కూడా నేనొక్కణ్ణే కావడంతో, ఏ విషయమైనా నాకే తెలుసుననుకునేవాణ్ణి.

అందరిలోకీ పెద్దాయన తాపీ మేస్త్రీ. ఆయన్ని అన్నా అని పిలిచేవాళ్ళం. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి లుంగీ కట్టుకోగానే ఎగిరి గంతేశాడు.

"ఏందిర భయ్, ఎడారిల గిన్ని చీమలేంది?"

"గదిలో తిని మెతుకులు పారేస్తున్నాం కదన్నా. రాక ఏం చేస్తాయండీ?" అన్నాను.

ఆ మాట అనే అర్హత నాకు లేదు. నా పెట్టెలో, బట్టల అడుగున, మా అమ్మ పంపిన సున్నుండల డబ్బా ఉంది. సెలవుకెళ్ళిన మా ఊరాయన పది రోజుల కిందటే తెచ్చిచ్చాడు. బయటికి తీస్తే ఒక్క పూటలో అయిపోతాయని దాచేశాను. మిగతావాళ్ళు స్నానాలకు వరసలో నిలబడ్డప్పుడు ఒకటి నోట్లో వేసుకుని గబగబా మూత పెట్టేసేవాణ్ణి. గట్టి మూత డబ్బా కాబట్టి, చీమలు దానికోసమే వస్తున్నాయని నాకు నిజంగానే తట్టలేదు.

మందు కోసం క్యాంపు పక్కనున్న మలయాళీ కిరాణా కొట్టుకు వెళ్ళాను. చీమను హిందీలో చీంటీ అంటారని అప్పటికి తెలీదు. ఎక్కడో విన్న ముక్కను పట్టుకుని, "చిట్ఠీ మార్నేకా దవా దేవో భాయ్" అన్నాను. చిట్ఠీ అంటే ఉత్తరం కాబట్టి, ఆయన ఒక ఎయిర్‌మెయిల్ కవరూ, జిగురు సీసా నా ముందు పెట్టాడు. నేను గొంతు పెంచి అదే మాట మళ్ళీ అన్నాను. ఆయన రెండో కవరు తీశాడు. చివరికి రెండు వేళ్ళను ఆయన చేతి మీద నడిపించి, మోచేతి దగ్గర గిల్లాను.

"ఉరుంబు!" అని పగలబడి నవ్వి, తెల్లపొడి డబ్బా ఇచ్చాడు.

గోడల వెంబడి, గడప దగ్గర, మంచాల కింద ఆ పొడి చల్లాను. అందరూ తుమ్మారు. చీమలు పక్కకు జరిగి వేరే దారి వేసుకున్నాయి. దాంతో ఇక గదిలో ఎవరూ తినకూడదని హుకుం జారీ చేశాను. చదువుకున్నవాణ్ణని నా మాట నమ్మి, మూడు రోజులపాటు ఆ ఐదుగురూ ఉక్కపోతలో బయట నేలమీద కూర్చుని రొట్టెలు తిన్నారు. నేనూ వాళ్ళతోపాటే కూర్చుని, చీమల గురించి ఉపన్యాసాలు ఇచ్చాను.

శుక్రవారం సెలవు. పెట్టెలన్నీ బయటేసి గది కడుగుదామన్నాడు అన్న.

"నా పెట్టె అక్కర్లేదండీ, అందులో కాగితాలే" అన్నాను.

"కాయితాలైతే బరువుండదు, పట్టు" అంటూ ఆయనే ఒక పక్క ఎత్తాడు. పెట్టె మూలనుంచి చీమల బారు వేలాడుతూ వచ్చింది. తాళం తీయక తప్పలేదు. గబగబా తిన్నప్పుడల్లా పొడి పెట్టెలో రాలుతూనే ఉంది, పైగా ముందురోజు కంగారులో మూత సగమే నొక్కినట్టున్నాను. సున్నుండల మీద ఎర్రగా, కదులుతూ, చీమలే చీమలు.

ఐదుగురూ ఒకేసారి డబ్బాలోకి తొంగిచూశారు. తిట్టినా బాగుండేది.

"గింత ఉడుకపోతల మమ్మల్ని బయట కూసోవెట్టి తినిపిస్తివి గద తమ్మీ" అన్నాడు అన్న.

"పారేసొస్తానండీ" అన్నాను.

"పారేసుడెందుకు? అమ్మ చేసిచ్చినయి."

ఆయన పాత పేపరు పరిచి సున్నుండలను ఒక్కొక్కటే ఎండలో పెట్టాడు. "యల్లా, పొండ్రి" అని చీమల్ని అదిలించాడు. షార్జా ఎండ కదా, కాసేపట్లో ఒక్క చీమ మిగిలితే ఒట్టు. నెయ్యి కరిగి సున్నుండలూ మిగల్లేదు, మెత్తటి ముద్దయిపోయాయి. దాన్ని చాయ్ గ్లాసుల్లోకి తీసుకుని, చెంచాలతో తిన్నారు. మొదటి గ్లాసు నాకే ఇచ్చారు.

గదిలో అందరూ సున్నుండలు తిని మెచ్చుకున్నారని అమ్మకు రాశాను. అంతవరకే రాశాను. నెల తర్వాత జవాబొచ్చింది: "అంతమంది ఉన్నారని ముందే చెప్పొద్దురా? ఇంకో కుంచెడు మినుములు పోసి చేద్దును కదా."