అల్లుణ్ణి తీసుకెళ్ళే రోజు

ఆమ్రిజాల్ మొహం సర్ఫింగ్‌కొచ్చే తెల్లవాళ్ళకి తెలిసినంతగా కన్నకూతురికి తెలియదని మా ఊళ్ళో వేళాకోళం చేసేవాళ్ళు. వేళాకోళమే గానీ, అందులో నిజం లేకపోలేదు. పాదాంగ్ రేవులో అద్దె పడవ ఎక్కి మెంతావాయి దీవుల వైపు వెళ్ళాడంటే మళ్ళీ రెండు వారాలకి గానీ ఇంటి గడప తొక్కేవాడు కాదు. పెద్ద పడవ దూరంగా లంగరు వేసుకుని ఉంటుంది. సర్ఫర్లని చిన్న మరపడవలో అల విరిగే చోటికి చేర్చడం, పక్కనున్న లోతు నీళ్ళలో కాచుకుని కూర్చోవడం, ఎవడైనా పగడపు దిబ్బకి గీరుకుని వీపు చీల్చుకుంటే వెళ్ళి ఎత్తుకురావడం అతని పని. పెళ్ళికి ముందు నుంచీ అదే పని, ఆ తర్వాతా అదే.

అతని భార్య యుస్నిదార్ ఎండాకాలంలో జ్వరమొచ్చి పోయింది. మనిషి దుఃఖంలో ఉండగానే అతనికి ఒక భయం పట్టుకుంది. మా మినాంగ్ జాతి వాళ్ళలో ఇల్లు ఆడవాళ్ళది. మగవాడు పెళ్ళి చేసుకుని భార్య ఇంటికి వెళ్తాడు. ఆమె పోతే, వందోరోజు ప్రార్థనలయ్యాక అతని అక్కచెల్లెళ్ళు వచ్చి, పదిమంది ముందు మర్యాదగా, తమ ఇంటికి తీసుకెళ్ళిపోతారు. పిల్లలు మాత్రం తల్లి ఇంట్లోనే మేనమామ నీడన పెరుగుతారు. తొమ్మిదేళ్ళ కూతురు రహ్మిని వదిలి వెళ్ళాలన్న తలంపునే ఆమ్రిజాల్ తట్టుకోలేకపోయాడు. ఇన్నాళ్ళూ ఆ పిల్లని ముక్కలు ముక్కలుగా చూశాడు. పళ్ళు ఊడినప్పుడు ఒకసారి, కొత్తవి వచ్చాక ఒకసారి. ఇకనైనా ఒకచోట కూర్చుని పెంచుకుందామనుకున్నాడు.

ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. తీసుకెళ్ళాలంటే మనిషంటూ ఇంట్లో ఉండాలి కదా. లేకపోతే ఎవర్ని తీసుకెళ్తారు? తీసుకెళ్ళనంతకాలం తను ఆ ఇంటి అల్లుడే. ఈ తెలివి ఎక్కణ్ణుంచి పుట్టిందో గానీ, నోరు తెరిచి ఒక్కరికి చెప్పినా ఎవరో ఒకరు నాలుగు చీవాట్లు పెట్టేవాళ్ళు. అతను చెప్పలేదు. వందోరోజు దగ్గరపడగానే పడవెక్కేశాడు.

పడవ మంచినీళ్ళు నింపుకోవడానికి ఆ దీవుల్లోని తువాపెజాత్ రేవులో ఆగినప్పుడు కెప్టెన్ బుస్తామి అతన్ని పక్కకి పిలిచాడు.

“రేపు పొద్దున్నే పాదాంగ్‌కి లాంచీ ఉందిరా. ఎక్కి ఇంటికి పో. ఎల్లుండేగా వందోరోజు?”

“పెద్ద అలలొస్తున్నాయంట కదా కెప్టెన్. వీళ్ళని ఎవరు చూసుకుంటారు?”

“ఓహో, నువ్వు పుట్టకముందు సముద్రంలో అలలే లేవు మరి! నే చూసుకుంటాలే గానీ నువ్వెళ్ళు. మీ ఆవిడ అన్న జమారిస్ ఫోన్ చేశాడు. నిన్ను ఎలాగైనా పంపమని మరీ మరీ చెప్పాడు.”

“అంత మరీ మరీ చెప్పాడా?”

“చెప్పాడు.”

“అయితే అస్సలు వెళ్ళను.”

బుస్తామి తల పట్టుకున్నాడు. మొండివాడితో పెట్టుకోవడం ఇష్టంలేక వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

వందోరోజున నిజంగానే పెద్ద అలలొచ్చాయి. నీళ్ళు అద్దంలా మెరుస్తూ వచ్చి దిబ్బ మీద ఉరిమినట్టు విరుగుతున్నాయి. సర్ఫర్లు పిల్లల్లా కేకలు పెడుతున్నారు. వాళ్ళలో అందరికంటే పెద్దాయన గ్రేమ్, ఆస్ట్రేలియా మనిషి, అలిసిపోయి ఈదుకుంటూ వచ్చి మరపడవ అంచు పట్టుకున్నాడు. ఆమ్రిజాల్ చెయ్యి అందించి పైకి లాగాడు.

“పిల్లలున్నారా నీకు?” అని రొప్పుతూ అడిగాడాయన.

“ఒక్క కూతురు. నా దగ్గరే ఉంటుంది.”

“అదృష్టవంతుడివి. నా పిల్లలు నాతో మాట్లాడరు.”

ఆమ్రిజాల్ నవ్వాడు. పాపం, ఎన్నో నెలల తర్వాత మనసారా నవ్వాడు. ఈపాటికి అక్కా వాళ్ళూ వచ్చి, తను లేకపోవడం చూసి వట్టి చేతులతో తిరిగి వెళ్ళిపోయి ఉంటారని లెక్క వేసుకున్నాడు. ఆ రోజంతా ఎండలో కూర్చుని, రహ్మిని బడికి తనే తీసుకెళ్తున్నట్టు ఊహించుకున్నాడు.

ఆ సర్ఫర్ల విడత ముగిశాక పాదాంగ్ తిరిగొచ్చి, మా పారియామన్‌లో బస్సు దిగి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. జమారిస్ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. చెల్లెలి మొగుణ్ణి చూసి లేవలేదు.

“నీ బట్టలు ఇక్కడ లేవు. మీ అక్క పట్టుకెళ్ళింది” అన్నాడు.

“నేను లేకుండానేనా?”

“నీ చొక్కా పీట మీద పెట్టి, నువ్వే కూర్చున్నట్టు మర్యాదలన్నీ జరిపించాం. సముద్రం మీద బతికే ఊళ్ళో ఇది కొత్తా ఏంటి?” అని, జమారిస్ గొంతు తగ్గించాడు. “నాన్న మన దగ్గరే ఉండాలని రహ్మి నా కాళ్ళు చుట్టేసి ఏడ్చింది బావా. పెద్దవాళ్ళందరికీ తలా ఒక మాట చెప్పి ఒప్పించాను. అందరి ముందూ నువ్వు నోరు తెరిచి అడిగితే చాలు, పక్క గది నీకిచ్చేవాళ్ళం. మాకు మేముగా ఉండమనకూడదు కదా, అడగాల్సింది నువ్వే. అందుకే రమ్మని అంత మొత్తుకున్నాను.”

ఆమ్రిజాల్ అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“ఇప్పుడు అడుగుతాను బావా. ఇప్పుడే, అందర్నీ పిలువు.”

“అంతమంది ముందు మీ వాళ్ళు తీసుకెళ్ళాక మళ్ళీ వెనక్కంటే మీ అక్క తలెత్తుకు తిరుగుతుందా? చెయ్యి దాటిపోయింది బావా.”

లోపల్నుంచి రహ్మి వచ్చింది. ఒక చేతిలో చుట్టాలకిచ్చే సాసరు, మీద కప్పు, కప్పులో కాఫీ. ఒలక్కుండా నడవడానికి నాలుక బయటపెట్టి మరీ నడిచింది. తండ్రి ముందు పెట్టి, కాస్త ఎడంగా కూర్చుంది. అతను చెయ్యి చాపితే దగ్గరికి రాలేదు.

“ఉండటం ఇష్టం లేదని ముందే చెప్పుండాల్సింది నాన్నా. నేను మామయ్యని అడిగేదాన్నే కాదు. అందరూ నవ్వారు.”

“ఇష్టం లేక కాదమ్మా. ఉండిపోవాలనే పారిపోయాను.”

రహ్మి అతని మొహంలోకి చాలాసేపు చూసింది. పెద్దవాళ్ళు అబద్ధం చెప్పినప్పుడు పిల్లలు ఎలా చూస్తారో అలా చూసింది. తర్వాత, కాఫీ చల్లారిపోతోందని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.