డ్రమ్ము మీది ఇంగ్లీషు

కొత్త ప్లాస్టిక్ డబ్బా మూత తీసినప్పుడు వచ్చే వాసన నాకు పడదు. నిన్న మా ఆయన బియ్యం పోసుకోవడానికి ఒక పెద్ద డబ్బా తెచ్చారు. మూత తీయగానే అదే వాసన. రెండేళ్ల మా పాప అందులో చేయి పెట్టబోతే గట్టిగా అరిచాను. బిడ్డ బెదిరిపోయి ఏడ్చింది. ఇప్పుడది నిద్రపోతోంది. నాకు మాత్రం నిద్ర లేదు. మాణిక్యం సార్ గుర్తొస్తున్నారు.

ఆయన మాకు ఎనిమిదో తరగతిలో ఇంగ్లీషు చెప్పారు. పాశమైలారం పారిశ్రామికవాడ దగ్గర మా ఊరి సర్కారు బడి అది. తరగతిలో నలభై మందిమి. చాలామంది తండ్రులు, మా నాయినతో సహా, ఫ్యాక్టరీల్లో లోడింగ్ పని చేసేవాళ్లు. ఇంగ్లీషు పీరియడంటే మాకు కునుకు తీసే గంట. సార్ చదివింది మేమూ పలికేవాళ్లం, ఏమంటున్నామో ఎవరికీ తెలియదు. ఆయన కొట్టరు కనుక భయమూ లేదు. ఒకరోజు పాఠం మధ్యలో పుస్తకం మూసేశారు. కోపంతో కాదు, అలసిపోయి.

"ఈ పుస్తకంల ఇంగ్లీషు మీకు అక్కెర లేదు. సరే, రేపు మీ ఇంట్ల ఉన్న ఇంగ్లీషు పట్టుకరాండ్రి" అన్నారు.

వెనక బెంచీలోంచి యాదయ్య లేచాడు. "మా ఇంట్ల తెలుగే సక్కగ లేదు సార్, ఇంగ్లీషు ఏడికెళ్లి తేవాలె?"

అందరం నవ్వాం. సార్ కూడా నవ్వారు. "మీ నాయిన అంగీ కాలరు మీద సూడు, సబ్బు మీద సూడు. చదవరాకున్నా సరే, బొమ్మ గీసినట్టు గీసుకరా."

మా ఇంట్లో ఎక్కువ ఇంగ్లీషు ఉన్నది నీళ్ల డ్రమ్ము మీద. మా ఊరి బోరు నీళ్లు నోట్లో పెట్టుకునేట్టు ఉండేవి కావు. రెండు రోజులకోసారి ట్యాంకరు వచ్చేది. అందుకే ఇంటింటికీ, ఫ్యాక్టరీల నుంచి పాత సామాన్ల షాపుకొచ్చిన నీలం డ్రమ్ము ఒకటి ఉండేది. అమ్మ మా డ్రమ్మును ఏరి మరీ కొన్నది. దాని మీద అంటించిన కంపెనీ కాగితం చినగలేదు. కాగితం ఉంటే అసలైన కంపెనీ సరుకని ఆడవాళ్ల నమ్మకం. ఏటా దసరాకు నాయిన సైకిలుతో పాటు ఆ డ్రమ్ముకూ అమ్మ పసుపు కుంకుమ పెట్టేది, సరిగ్గా ఆ కాగితం మీదనే. తడిగుడ్డతో పసుపు తుడిచి, రెండు పేజీల నిండా అక్షరాలు గీసుకున్నాను. తరగతిలో అందరికంటే నాదే ఎక్కువని గర్వం.

మర్నాడు సార్ బెంచీల మధ్య నడుస్తూ ఒక్కొక్కరిదీ చదివారు. యాదయ్య బీడీ కట్ట మీది రెండు మాటలు తెచ్చాడు. నా పేజీ దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇది దేని మీదిది బిడ్డా?"

"నీళ్ల డ్రమ్ము మీదిది సార్."

"ఏం నీళ్లు?"

"తాగే నీళ్లు."

ఆయన నా పక్కనే బెంచీ మీద కూర్చుండిపోయారు. కాసేపటికి లేచి, నేను గీసినదంతా బోర్డు మీద రాశారు. ఒక్కో మాట నా చేతే చదివించి అర్థం చెప్పారు. విషం. ఖాళీ అయ్యాక మళ్లీ వాడరాదు. "ఇసొంటి డ్రమ్ములు ఎంతమంది ఇండ్లల్ల ఉన్నయి?" అని అడిగితే దాదాపు అన్ని చేతులూ లేచాయి. ఆ రోజు ఎవరూ కునుకు తీయలేదు.

సాయంత్రం ఇంట్లో చెబితే అమ్మ మండిపడింది. "సబ్బు వెట్టి మూడుసార్లు కడిగిన, రెండు దినాలు ఎండల వెట్టిన. ఆరేండ్ల సంది తాగుతున్నం, ఏమైంది? డ్రమ్ము లేకుంటె నీళ్లు దేంట్ల పట్టాలె, మీ సారు నెత్తి మీదనా?"

నేను డ్రమ్ము ముందు కూర్చుని, మాట మాటకూ వేలు పెట్టి చదివి అర్థం చెప్పాను. డ్యూటీ దిగి వచ్చిన నాయిన గడపలో నిలబడి విన్నాడు. "మళ్ల సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. నా పక్కకు వచ్చి, సగం నీళ్లున్న డ్రమ్మును రెండు చేతులా వంచేశాడు. వాకిలంతా తడిసింది. అమ్మ ఏడ్చింది. ఒలికిన నీళ్ల కోసమో, ఆరేళ్లుగా మాకు తాగించిన నీళ్ల కోసమో నేను అడగలేదు. తర్వాత చాలా రోజులు బిందెల్లో పట్టుకుని సర్దుకున్నాం.

మర్నాడు సార్ పిలవకుండానే యాదయ్య లేచాడు. ఈసారి వేళాకోళం లేదు. "సార్, మా డ్రమ్ముకు కాగితమే లేదు. అండ్ల ముందుగాల ఏముండెనో ఎట్ల ఎర్కైతది?"

"నాకు తెల్వది యాదయ్యా" అన్నారు సార్. "కంపెనీలోళ్లను అడుగుదాం. తెలుగుల అడిగితే గేటు కాడ్నే ఆగుతది. ఇంగ్లీషుల రాస్తే లోపటికన్న పోతది."

కంపెనీలు అమ్మేసే ఇలాంటి డ్రమ్ముల్లో ముందు ఏముండేదో చెప్పమని నలభై మందిమీ రాశాం. జవాబు కావాలని నేను రాసిన మొదటి ఇంగ్లీషు వాక్యం అదే. యాదయ్య తనది నాలుగుసార్లు తిరగరాశాడు. సార్ ఆ కాగితాలు పట్టుకుని సాయంత్రాలు సైకిలు మీద గేటు గేటుకూ తిరిగారు. "వచ్చిందా సార్?" అని యాదయ్య రోజూ అడిగేవాడు. "రాలేదు, మళ్ల రాద్దాం" అనేవారు సార్. ఆ ఏడాదంతా అలా రాస్తూనే మేము ఇంగ్లీషు నేర్చుకున్నాం. జవాబు ఎన్నటికీ రాలేదు. యాదయ్య వాళ్లు ఆ డ్రమ్మునే వాడుకున్నారు.

నేను డిగ్రీలో ఉండగా సార్ పోయారు. డబ్బాలను చూస్తే నాకు కలిగే ఈ భయాన్ని ఆయన పోగొట్టలేదు. చూడబోతే పెంచారేమో. కానీ భయపడుతూనే అడగడం, జవాబు రాకపోతే మళ్లీ అడగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పాప కడుపులో ఉన్నప్పుడు, నేను చిన్నప్పుడు ఆరేళ్లు తాగిన ఆ నీళ్ల సంగతి డాక్టరమ్మకు చెప్పి, బిడ్డకేమన్నా అవుతుందా అని అడిగాను. ఆమె తల ఎత్తకుండానే "ఏం కాదు, వెళ్లమ్మా" అన్నది. బయట వరుసలో చాలామంది ఉన్నారు. అయినా కుర్చీలోంచి లేవలేదు. అదే మాట ఇంకోసారి, ఇంగ్లీషులో అడిగాను.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "మొదటి నుంచి చెప్పండి" అన్నది.